ఈ సాలు అయిపోనీ



దూరం సైకిలు తొక్కే మనిషి అలిసిపోయాడా లేదా అన్నది నేను కాళ్లను చూసి చెప్పను, మాటను విని చెబుతాను. తెల్లవారుజామున కర్నూలులో బయలుదేరేటప్పుడు నా తమ్ముడు, మా చిన్నాన్న కొడుకు, గలగలా మాట్లాడుతుంటాడు. కోడుమూరు దాటేదాకా వాడి మాటలతోనే దారి సాగుతుంది. గోనెగండ్ల దగ్గరికి వచ్చేసరికి మాటలు పొట్టివవుతాయి. ఎమ్మిగనూరు దాటాక "ఊ" అంటాడు, "ఆ" అంటాడు. ఆదోని దాటాక ఆ రెండూ ఉండవు. సరిగ్గా అప్పుడే లోపల ఇంకో గొంతు లేస్తుంది. "ఇంత ఎండలో నీకెందుకీ పని? ఎవరు పొమ్మన్నారు? అదిగో వెనక లారీ వస్తోంది, చెయ్యెత్తు." ఆ గొంతు మనదే. మన సాకులన్నీ దానికి తెలుసు. ఈ రోజు దాని గురించే నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను.

నేను బడిపంతులుని. సైకిలు నాకు ఆట కాదు, పందెమూ కాదు. ఏడాదికోసారి, ఉగాదికి ముందు, కర్నూలు నుంచి కోడుమూరు, గోనెగండ్ల, ఎమ్మిగనూరు, ఆదోని, ఆలూరు మీదుగా దేవరగట్టు దాకా పోయి, మళ్లీ ఆదోనికి రావాలని పెట్టుకున్నాను. మొత్తం సుమారు 180 కిలోమీటర్లు. మొదటిసారి దేవరగట్టు చూడలేదు. ఆదోని దాటి ఆలూరు దారిలో, ఒక మిట్ట మధ్యలో సైకిలు దిగి, వచ్చిన మొదటి బండికి చెయ్యెత్తాను. సైకిలును వెనక వేసుకుని ఇంటికి చేరాను. ఆ రాత్రి స్నానం చేసి, అన్నం తిని కూర్చున్నాక తెలిసింది, కాళ్లు బాగానే ఉన్నాయని. ఇంకో ఇరవై కిలోమీటర్లు అవి పోగలిగేవి. మరి మిట్ట మీద ఆగిపోయింది ఏమిటి? చాలా రోజులు ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

ఒళ్లు గురించి తెలిసినవాళ్లు చెప్పే మాట ఒకటుంది. మన కండరాల్లో, కాలేయంలో ఒళ్లు దాచుకునే చక్కెర నిల్వ సుమారు అర కిలోనే ఉంటుంది. గట్టిగా తొక్కితే రెండు గంటల్లో చాలావరకు ఖర్చయిపోతుంది. అది తగ్గుతున్న కొద్దీ మెదడు ముందుజాగ్రత్త పడుతుంది. ఇంట్లో బియ్యం డబ్బా అడుగంటకముందే అమ్మ అన్నం కొలత తగ్గించినట్టు, ఒళ్లు నిజంగా ఖాళీ కాకముందే కాళ్లను బిగబట్టేస్తుంది. దక్షిణాఫ్రికాకు చెందిన టిమ్ నోక్స్ అనే శరీరశాస్త్ర ఆచార్యుడు ఈ వాదాన్ని ముందుకు తెచ్చాడు. దాన్ని ఒప్పుకోని పండితులూ ఉన్నారు. కానీ దారి మీద ఉన్నవాడికి ఆ వాదంలో సగమైనా నిజమే అనిపిస్తుంది.

2004లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో ఒక ప్రయోగం చేశారు. సైకిలు తొక్కేవాళ్లకు రుచి తెలియని పిండిపదార్థం కలిపిన నీళ్లిచ్చి, మింగొద్దు, పుక్కిలించి ఉమ్మెయ్యండి అన్నారు. కడుపులోకి చుక్క కూడా పోలేదు. అయినా గంటసేపటి పందెంలో వాళ్లు సుమారు 3 శాతం వేగం పెంచుకున్నారు. తిండి వస్తోందన్న కబురు నోటి నుంచి మెదడుకు అందితే చాలు, అది పగ్గాలు కాస్త వదులు చేసింది. 2014లో బ్రిటన్‌లోనే మరో ప్రయోగం జరిగింది. 24 మందిని తీసుకుని, అందులో సగం మందికి అలసట వేళ తమతో తాము ఏం చెప్పుకోవాలో రెండు వారాలు అలవాటు చేయించారు. ఆ తర్వాత వాళ్లు ఇక చేతకాదు అనేదాకా తొక్కిన సమయం 18 శాతం పెరిగింది. కాళ్లు అవే, గుండె అదే. లోపలి మాట మాత్రం మారింది.

ఈ సంగతులు చదివినప్పుడు నాకు దేవరగట్టు గుర్తొచ్చింది.

దేవరగట్టు అనగానే మన రాష్ట్రంలో చాలామందికి గుర్తొచ్చేది దసరా రాత్రి, బన్ని ఉత్సవం, ఇనుప పొన్నులు తొడిగిన కర్రలు, దివిటీలు, పగిలిన తలలు. ఆ గాయాలు నన్నూ బాధిస్తాయి. ఏటా ఎందరో ఆసుపత్రి పాలవుతారు, కొన్నేళ్లలో ప్రాణాలూ పోయాయి. కర్రలు వద్దని అధికారులు ఊరూరా తిరిగి చెబుతుంటారు. అది వినాల్సిన మాటే అని నా నమ్మకం. కానీ ఆ రాత్రిలో పత్రికల ఫొటోలకు అందనిది ఒకటుంది. నేను చిన్నప్పుడు మా నాయన భుజం మీద కూర్చుని చూసింది అదే. అది నడక.

కొండ మీద అర్ధరాత్రి మాల మల్లేశ్వరస్వామి కల్యాణం అవుతుంది. మణి, మల్లాసురులనే రాక్షసుల్ని సంహరించిన దేవుడు ఆయన. కల్యాణం అయ్యాక ఉత్సవమూర్తులు కొండ దిగుతాయి. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట ఊళ్లవాళ్లు ఆ మూర్తులకు కాపు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వాటిని తమవైపు తీసుకుపోవాలని వస్తారు. అక్కడి నుంచి ముళ్లబండ, పాదాలగట్టు, రక్షపడ, శమీవృక్షం. కన్నడంలో బన్ని అంటే జమ్మిచెట్టే. రక్షపడ దగ్గర కంచాబీర వంశీయుడు తొడ కోసి పిడికెడు రక్తం సమర్పిస్తాడు. రాత్రంతా చీకట్లో, రాళ్లలో, ముళ్ల పొదల్లో నడక, పరుగు. తెల్లవారేసరికి బసవన్న గుడి దగ్గర భవిష్యవాణి వింటారు. మళ్లీ సింహాసన కట్ట దగ్గరికి చేరుకుంటారు.

కాపు ఊళ్లవాళ్ల కాళ్లకు చెప్పులుండవు. అది ఆ రాత్రి అనుకున్నది కాదు. ఉత్సవం మొదలైన నాడే నేమం పడతారు. చెప్పులు వెయ్యరు, మాంసం ముట్టరు, మందు ముట్టరు, బ్రహ్మచర్యం పాటిస్తారు. ఉత్సవం ముగిసేదాకా అంతే. మా నాయన ఆ రాత్రి ఒకాయన్ని అడిగాడు, ముల్లు దిగితే ఏం చేస్తావప్పా అని. "తీసేసుకుంటా" అన్నాడాయన. చెప్పులేసుకుంటే పోదా అని మా నాయన అడగలేదు. ఆ ప్రశ్నకు అక్కడ చోటు లేదు. దాని జవాబు నేమం పట్టిన నాడే, పగటి వెలుతురులో, కడుపు నిండి ఉన్నప్పుడు, తేలికైన కాళ్ల మీద నిలబడి చెప్పుకున్నారు. అర్ధరాత్రి ముళ్లబండ మీద దాన్ని మళ్లీ తెరవరు. తెరిస్తే ఎవరి కాలూ ముందుకు పడదు. దివిటీల పొగలో, డోళ్ల మోతలో, "గోపరాక్, బహుపరాక్" అన్న ఒక్క కేక మాత్రం నోట్లో ఉంటుంది. ప్రయోగశాలలో రెండు వారాలు నేర్పిన లోపలి మాటను వీళ్లు ఎన్ని తరాలుగానో గొంతెత్తి పలుకుతున్నారు.

ఆలూరు మిట్ట మీద నేను చేసిన తప్పు అప్పుడర్థమైంది. ఆకలితో, ఎండలో, ఎక్కుడులో ఉన్న మనిషిని పిలిచి "పోదామా, ఆగుదామా" అని తీర్పు అడిగాను. ఆ మనిషికి ఆ అధికారం ఇవ్వకూడదు. జ్వరంలో ఉన్నవాడితో ఎవరైనా పొలం అమ్మకం పత్రం రాయిస్తారా?

అందుకని రెండోసారి బయలుదేరేముందు నేనూ నా తమ్ముడూ ఇంట్లో కూర్చుని నేమం పెట్టుకున్నాం. మిట్ట మీద ఉన్నప్పుడు ఆగే మాట ఎత్తకూడదు. ఆగాలనిపిస్తే మిట్ట దిగాక, చెట్టు నీడన, ఏదో ఒకటి తిని, అరగంట కూర్చున్నాక మాత్రమే మాట్లాడాలి. ఆకలి వేసినా వెయ్యకపోయినా గంటకోసారి తినాలి. నీళ్లలో ఉప్పు, చక్కెర ఉండాలి. నేమంలోనే ఆగిపోవాల్సిన గీత కూడా గీసుకున్నాం. కళ్లు తిరిగినా, ఎండలో చలి పుట్టినా, చెమట ఆగిపోయినా, మోకాలిలో సూది గుచ్చినట్టు నొప్పి వచ్చినా, ఎంత దూరం మిగిలినా సరే, దిగిపోవాలి. అలసట వేరు, దెబ్బ వేరు. మా జిల్లాలో మార్చి నెల ఎండ ఎలాంటిదో తెలిసినవాడు ఎవడూ ఈ గీతను తేలిగ్గా తీసుకోడు. ధైర్యం పేరు చెప్పి దాన్ని దాటమని నేను ఏ పిల్లవాడికీ చెప్పను.

దూరపు సైకిలు ప్రయాణాల వెనక పెద్ద చరిత్రే ఉంది. 1891లో పారిస్ నుంచి బ్రెస్ట్ దాకా పోయి రావడానికి పందెం పెట్టారు. సుమారు 1200 కిలోమీటర్లు. షార్ల్ టెరాన్ అనే ఆయన నిద్రపోకుండా 71 గంటల 22 నిమిషాల్లో ముగించాడు. ఆ ప్రయాణం ఇప్పటికీ నడుస్తోంది, గడువు 90 గంటలు. ఆ పద్ధతిలోనే మన హైదరాబాద్ రాండనీర్స్ లాంటి బృందాలు ప్రయాణాలు నడుపుతున్నాయి. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు 20 గంటలు, 600కు 40 గంటలు. సైన్యంలో డాక్టరుగా పనిచేసిన శ్రీనివాస్ గోకుల్‌నాథ్ 2016లో అమెరికాను అడ్డంగా దాటే పందేనికి వెళ్లి పూర్తి చెయ్యలేకపోయాడు. 2017లో మళ్లీ వెళ్లి, 12 రోజుల గడువు లోపల ముగించి, ఒంటరిగా ఆ దారి దాటిన మొదటి భారతీయుడయ్యాడు. రెండోసారి బయలుదేరడం అన్న మాట విన్నప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తాడు.

ఇక మా దారికి వస్తాను.

కర్నూలులో తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరాం. కోడుమూరు దగ్గర వెలుగొచ్చింది. ఎమ్మిగనూరులో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. నానిన బొరుగులు, పైన పుట్నాల పొడి. దూరం పోయేవాడికి ఇంతకన్నా మంచి తిండి నాకు తెలియదు, తేలిగ్గా ఉంటుంది, కడుపులో నిలబడుతుంది. జేబుల్లో బుడ్డలు, బెల్లం. ఎమ్మిగనూరు దాటాక రోడ్డుకు అటువైపు ఎదురొచ్చారు, శ్రీశైలం నడిచిపోయే కన్నడ భక్తులు.

ఉగాదికి ముందు ఈ దృశ్యం మా ప్రాంతం వాళ్లందరికీ తెలుసు. కర్ణాటక నుంచి వేలమంది కాలినడకన శ్రీశైలం మల్లయ్య దగ్గరికి పోతారు. మా ఊళ్ల మీదుగా కర్నూలు వైపు, అక్కడి నుంచి ఆత్మకూరు, వెంకటాపురం, ఆపైన నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం. నల్లమల అడవి దారి. కొందరి భుజాన కావడి ఉంటుంది. దారి పొడుగునా ఊళ్లవాళ్లు పందిళ్లు వేసి అన్నం పెడతారు, మజ్జిగ పోస్తారు, వేడినీళ్లతో కాళ్లు కడిగి నూనె రాస్తారు. ఎవరు ఏ ఊరని అడగరు.

ఒక పందిట్లో మేమూ మజ్జిగకు ఆగాం. పక్కన ఒక పెద్దాయన కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. అరికాళ్లకు పాత పంచె గుడ్డ చుట్టుకున్నాడు, గుడ్డ మీద నెత్తుటి మరక. మా తమ్ముడు అడిగాడు, "పెద్దాయనా, శ్రీశైలం ఇంకా ఎన్ని రోజులు?" ఆయన తెలుగూ కన్నడమూ కలిపి అన్నాడు: "శ్రీశైలం సంగతి నాకు తెల్దప్పా. రాత్రికి ఎమ్మిగనూరు." అని లేచి పోయాడు.

ఆయన మా వైపు చూసి దీవించలేదు, గొప్ప మాట చెప్పాననీ అనుకోలేదు. రాత్రికి చేరాల్సిన ఊరి పేరు చెప్పాడు, అంతే.

ఆదోనిలో పత్తి బండ్ల మధ్య నుంచి బయటపడేసరికి ఎండ ముదిరింది. కోట కొండల బండలు వేడి కక్కుతున్నాయి. ఆలూరు దారిలో నల్లరేగడి, పత్తి ఏరేసిన కట్టె, ఎదురుగాలి. తమ్ముడి మాట ఆగిపోయింది. నా లోపలి గొంతు మొదలైంది. పోయినసారి నేను దిగిన మిట్టే ఎదురుగా ఉంది. నీళ్ల సీసాలో అడుగున గుక్కెడే ఉంది. మిట్ట మీద మాట ఎత్తకూడదన్న నేమం ఉంది కాబట్టి ఎత్తలేదు. నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నాను. దిగువకు వచ్చాక, రోడ్డు పక్కన ఊళ్లో నీళ్ల కోసం ఆగాం.

వీధిలో సగం ఇళ్లకు తాళాలు. మా ప్రాంతం తెలిసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. సుగ్గి. వానలు మోసం చేసిన ఏడు, చేతిలో పని లేని నెలల్లో, కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోతాయి. డిసెంబరు వచ్చేసరికి మా బడిలో వరసలు ఖాళీ అవుతాయి. హాజరు పట్టీలో పిల్లల పేర్ల పక్కన గైర్హాజరు గుర్తులు పెట్టుకుంటూ పోవడం నాకు ఏటా జరిగేదే, ఏటా కష్టంగానే ఉంటుంది.

ఒక ఇంటి అరుగు మీద అవ్వ కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి, "ఏం నాయనా, ఎండకు మొగం నల్లగయిపాయనే. కూసోండి" అని చెంబుతో నీళ్లు తెచ్చింది. కొడుకూ కోడలూ సుగ్గికి పోయారట. తానూ చేతనైనన్నాళ్లు పోయిందట. సైకిళ్ల మీద ఎందుకు పోతున్నామో మేం చెప్పాం. ఊరికే, దేవరగట్టు దాకా, అని. ఆమె నవ్వలేదు, తప్పూ పట్టలేదు. మల్లయ్య దగ్గరికి కదా, పోయి రాండి అంది.

నేను అడిగాను: "అవ్వా, పొద్దున్నుంచి పొద్దు గుంకేదాకా వంగి మిరపకాయలు కోస్తారు కదా, చెయ్యి మంట, నడుము నొప్పి. మధ్యలో చాలనిపించదా?"

"అనిపీకుండా ఉంటాదా? చేను అంతా సూడగూడదు నాయనా. చేను సూస్తే గుండె జారతాది. ఈ సాలు అయిపోనీ అనుకోవల్ల. అయినాక ఇంకో సాలు."

నాకు సిగ్గనిపించిన క్షణం అది, దాన్ని దాచుకోను. మా అలసట మేం కోరి తెచ్చుకున్నది. ఎప్పుడు కావాలంటే అప్పుడు లారీకి చెయ్యెత్తవచ్చు. ఆమె అలసటకు ఆ లారీ లేదు. సాలు మధ్యలో నిలబడితే ఆ రోజు కూలి తగ్గుతుంది. ఈ రెండింటినీ ఒకే మాటతో పిలవడం నాకు ఇష్టం లేదు. దారి మీద మనోబలం గురించి గొప్పగా మాట్లాడే ప్రతిసారీ, దాన్ని ఎవరికీ చెప్పకుండా ఏళ్ల తరబడి ఖర్చు పెట్టిన ఇలాంటివాళ్లు మా ఊళ్ల నిండా ఉన్నారని గుర్తుంచుకోవాలి. వాళ్లకు ఊళ్లోనే పని దొరికితే, చెరువులో నీళ్లు నిలిస్తే, ఆ బలం ఇంతగా ఖర్చు కానక్కర్లేదు. అది జరగాలని నేను మనసారా కోరుకుంటాను.

అయినా ఆమె ఇచ్చిన మాటను తీసుకున్నాను. తీసుకోవడానికి ఆమె అనుమతి కూడా అడిగినట్టే, "అవ్వా, మేమూ అట్లే అనుకుంటూ పోతాం" అన్నాను. "పోండి. వచ్చేటప్పుడు నీళ్లకు ఆగండి" అంది.

ఆ తర్వాత దేవరగట్టు దాకా దూరం లెక్కపెట్టలేదు. ఆ వేపచెట్టు దాకా ఒక సాలు. అక్కడి నుంచి వంక మీది కల్వర్టు దాకా ఇంకో సాలు. కిలోమీటరు రాయి ఒక సాలు. ఎదురుగాలి గట్టిగా కొట్టినప్పుడు సాలు పొట్టిదైంది, రెండు కరెంటు స్తంభాల మధ్య దూరమంత. లోపలి గొంతు ఆగలేదు, అది ఆగదు కూడా. కానీ అది "ఇంకా యాభై కిలోమీటర్లు" అన్నప్పుడు, ఆ మాట దేని గురించో నాకు తెలియనట్టే ఉండిపోయాను. నా చేతిలో ఉన్నది ఆ స్తంభం వరకే. ఒకచోట తమ్ముడు ముందుకొచ్చి నాకు గాలి అడ్డం పడ్డాడు. కాసేపటికి నేను వాడికి అడ్డం పడ్డాను. ముందు చక్రం వెనక చక్రం దాదాపు తాకేంత దగ్గర. ఇద్దరం ఒక్క మాటా మాట్లాడుకోలేదు. మిట్టల మీద మాత్రం వాడు గొంతులోనే "గోపరాక్" అనుకోవడం నాకు వినిపించింది.

దేవరగట్టులో ఆ మధ్యాహ్నం దాదాపు ఎవరూ లేరు. దసరా రాత్రి లక్షలాది జనం ఉండే చోటు. సింహాసన కట్ట మీద ఎండ పడుతోంది, మేకలు రెండు నీడ వెతుక్కుంటున్నాయి. బూట్లు విప్పి ముళ్లబండ వైపు కొంత దూరం నడిచాను. రాయి కాలుతోంది, ముల్లు ఒకటి దిగింది. కూర్చుని తీసేసుకున్నాను. కొండ మీది మల్లయ్యకు కింది నుంచే దండం పెట్టుకున్నాం. పైకి ఎక్కడం ఆ రోజు నేమంలో లేదు, ఎక్కలేదు.

తిరిగి వచ్చేటప్పుడు గాలి వెనక నుంచి కొట్టింది. పొద్దు గుంకే వేళకు అవ్వ వాళ్ల వీధికి వచ్చాం. ఆమె అరుగు మీదే ఉంది, పక్కన చెంబు మీద మూత పెట్టి ఉంచింది. ఫోనులో కోడలితో మాట్లాడుతోంది, ఉగాదికి వస్తారా రారా అని. మమ్మల్ని చూసి ఫోను పక్కన పెట్టి, "పోయొచ్చినారా?" అంది.

తమ్ముడు చెంబు ఎత్తి నీళ్లు తాగాడు. మూతి తుడుచుకున్నాడు. ఆ తర్వాత అరుగు మీద కూలబడి, కర్నూలులో బయలుదేరినప్పటి నుంచి దారిలో చూసిందంతా అవ్వకు చెప్పడం మొదలుపెట్టాడు. పందిరి దగ్గర పెద్దాయన గురించి, కట్ట దగ్గరి మేకల గురించి, నాకు దిగిన ముల్లు గురించి. ఆమె వింటూ రెండో చెంబు నింపింది.